బాలమణి సంతకం

సిద్దిపేట,
20-8-1991

మేనేజరు గారికి నమస్కారాలతో,

సేటు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తనఖా ఉన్న మా ఇంటిని తక్కువ వడ్డీకి మీ బ్యాంకుకు మార్చుకుందామని దరఖాస్తు ఇచ్చాము. ఇల్లు ఇద్దరి పేరున ఉంది కనుక ఇద్దరూ రావాలన్నారు. నా భార్య బాలమణి వేలిముద్ర వేస్తే చాలని మీరు చెప్పినా ఆమె వినలేదు.

"ఏలిముద్ర ఏస్తే ఏం తెల్వనోళ్లనుకొని మిత్తి తగ్గియ్యరు" అన్నది.

ఎనిమిది రోజులు చాటలో జొన్నపిండి పరిచి, వేలితో తన పేరు రాయడం నేర్చుకున్నది. తీరా బ్యాంకుకు వచ్చాక, మీరు సంతకం చేయవలసిన గడిలో రాసింది. మీరు నవ్వి, ఈ ఫారం పనికిరాదు, సోమవారం వచ్చి కొత్తది నింపమన్నారు.

ఆదివారం బాలమణికి గుండెనొప్పి వచ్చి, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

ఇల్లు నా ఒక్కడి పేరుకు మారేదాకా మీ వడ్డీ దొరకదని గుమాస్తా చెప్పాడు. దొరకకపోతే సేటుకు మూడు రూపాయలే కడతాను. నేను అడిగేది వేరు. ఆ చెడిపోయిన ఫారం చించెయ్యకుండా ఉంటే నాకు ఇప్పించండి. ఆమె పేరు ఆమె చేత్తో రాసిన కాగితం అదొక్కటే. పిండిలో రాసినవన్నీ ఏ పూటకాపూట రొట్టెలు చేసి పెట్టింది.

ఇట్లు,
బాలమణి భర్త