ఈ తాళంచెవి పట్టుబడితే

మార్చి 3, సోమవారం

ఇచ్చేశారు! ఎడిటర్‌గారు ఇచ్చేశారు! ఆదివారం పేజీలో కింది మూల, అరచెయ్యంత చోటు. వినదగ్గ కొత్త ఆల్బమ్‌లు. ఆఫ్రికావీ, ఆఫ్రో-లాటిన్‌వీ. పన్నెండేళ్ళుగా ప్రూఫ్ సెక్షన్‌లో అందరి తప్పులూ దిద్దుతున్నాను, ఇన్నాళ్ళకి నా పేరుతో నాలుగు ముక్కలు. నాలుగు ఆదివారాలు చూస్తారట. ఎవరూ పట్టించుకోకపోతే ఆ చోటు పజిల్‌కి పోతుందట. చూద్దాంలెండి అని పైకి అన్నాను. బయటికి రాగానే క్యాలెండర్‌లో నాలుగు ఆదివారాలకీ సున్నాలు చుట్టాను.

నా ప్రూఫ్ కామాగారు చూస్తారు. సెక్షన్‌లో పెద్దాయన, నాకు పని నేర్పినాయన. కామా పడాల్సిన చోట పడకపోతే ఆయనకి అన్నం సహించదు, అందుకే ఆ పేరు. పాటలంటే మాత్రం ఆయన లెక్కలో గోల.

మార్చి 9, ఆదివారం

అచ్చులో నా పేరు. పదకొండుసార్లు చూసుకున్నాను.

మార్చి 12, బుధవారం, బస్సులో

రెండో వారానికి దొరికేసింది! తల్లీకూతుళ్ళు ఇద్దరే. తల్లి ఇరవైఒక్క తీగల కోరా వాయిస్తుంది, కూతురు పాడుతుంది. నాలుగో పాటలో తల్లి వేలు జారి ఒక తీగ తప్పు పలికింది. కూతురు ఫక్కున నవ్వేసింది. దాన్ని తీసెయ్యలేదు, అలాగే ఉంచేశారు! వింటూ వింటూ నా స్టాప్ దాటిపోయాను. పోతే పోయింది వెధవ స్టాప్.

మార్చి 18, మంగళవారం

ఇది విన్నాక కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఆఫ్రో-లాటిన్ బ్యాండ్, పదిమంది. ట్రంపెట్లు, డ్రమ్ములు, పియానో. అన్నిటి వెనకా ఒకాయన రెండు కర్రముక్కలు కొడుతూనే ఉంటాడు. టక్, టక్, టక్. కాస్త ఆగి, టక్ టక్. క్లావే అంటారట. మొదట నా చెవికి ఆనలేదు. ఆనాక మిగతా తొమ్మిదిమందీ ఎందుకలా వాయిస్తున్నారో తెలిసిపోయింది! వంటింట్లో గెంతాను. కూర తరుగుతున్న అత్తయ్య, నీకేమైనా పట్టిందా అని అడిగింది. అడిగిందే గానీ ఆవిడ కత్తి కూడా ఆ దెబ్బమీదే పడుతోంది.

మూడో వారానికి రాసేశాను. రెండు కర్రల ఈ తాళం పట్టుబడితే పాట తలుపు దానంతటదే తెరుచుకుంటుంది అని. అబ్బ, ఏం వాక్యం! నా భుజం నేనే తట్టుకున్నాను.

మార్చి 23, ఆదివారం, పొద్దున్న ఏడు

కొంప మునిగింది. తాళంచెవి అని పడింది.

రెండు కర్రల ఈ తాళంచెవి పట్టుబడితే! కామాగారూ, ఎంత పని చేశారండీ!

మార్చి 24, సోమవారం

ఆఫీసంతా ఒకటే నవ్వులు. పక్క సెక్షన్‌వాళ్ళు బీరువా తాళంచెవి పోయిందట, ఏ ఆల్బమ్‌లో వెతకాలని అడిగారు. తాళాలు బాగుచేసే ఒకాయన ఫోన్ చేశాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు, ఆ పాటలు ఎక్కడ దొరుకుతాయని. ఎడిటర్‌గారు నవ్వలేదు. రేపటికల్లా సవరణ రాసివ్వమన్నారు. ఈ లెక్కన నాలుగో వారంతో సరి అన్నారు.

ఒళ్ళు మండిపోయి అందరి ముందూ కామాగారిని అనేశాను, పాట విననివాళ్ళు పాట గురించి దిద్దకూడదని. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. తాళం వేస్తే తలుపు మూసుకుంటుంది కదమ్మాయ్, తెరిచేది తాళంచెవి కదా అని మాత్రం అన్నారు. నేను వినిపించుకోలేదు.

మార్చి 25, మంగళవారం, మధ్యాహ్నం

సవరణ రాయబోతూ క్లావే అర్థం ఒకసారి సరిచూద్దామని డిక్షనరీ తీశాను. ప్రూఫ్‌రీడర్ని కదా, ఆ పని రాయకముందే చేయాల్సింది. ఆ మాట మూలం లాటిన్‌లో ఉంది. అర్థం, తాళంచెవి.

తాళంచెవి!!

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పాటలంటే గిట్టని మనిషి, వాక్యం ఒక్కటీ చూసి, సరిగ్గా ఆ మాటే పెట్టారు! పైగా మన మాటలో తాళమూ ఉంది, చెవీ ఉంది. ఇంతకన్నా ఏం కావాలి? సంతోషం పట్టలేకపోయాను. సిగ్గూ వేసింది, చాలా వేసింది.

అదే రోజు, అయిదింటికి

అందరి ముందే క్షమించమని అడిగాను. నిన్న అన్నది అందరి ముందే కదా. నా హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకి తగిలించాను. కళ్ళు మూసుకుని పాట మొత్తం విన్నారు. మూడు కొట్టి కామా పెడుతున్నాడమ్మాయ్, చక్కగా పెడుతున్నాడు అన్నారు.

సవరణ ఇచ్చేశాను. తాళంచెవి సరైన మాటే, తెలియక రాసిన తప్పు నాది, దిద్దినవారికి కృతజ్ఞతలు అని. ఎడిటర్‌గారు రెండుసార్లు చదివి, అచ్చుకి వెళ్ళే ట్రేలో పడేశారు.

మార్చి 29, శనివారం

తాళాలాయన మళ్ళీ ఫోన్. షాపులో రోజంతా అదే పెడుతున్నాడట, పని చకచకా సాగుతోందట. ఎడిటర్‌గారికే చెప్పండి బాబూ అని లైన్ కలిపేశాను.

మార్చి 30, ఆదివారం, పొద్దున్న ఆరున్నర

ఫోన్. కామాగారు. హలో కూడా అనలేదు. టేబుల్ మీద కొట్టారు. మూడు. ఆగి, రెండు.

నా కాలమ్ ఆపొద్దని ఎడిటర్‌గారు అన్నారట. వచ్చే వారం ఆల్బమ్ ముందు తనకి వినిపించాలట.