సున్నం కొట్టిన అద్దాల కింద

నాయనా, నా కళ్ల మంట తగ్గింది, దిగులు పడకు. నేను చెబుతుంటే ఇక్కడ పంటల మీది మందు పరీక్షించే గదిలో పనిచేసే పిల్ల ఈ కార్డు రాస్తోంది.

ఐదో నెల కడుపుతో ఉన్న కోడలిని సోమవారం ఇక్కడికి పనికి పంపకు. మేం టమాటాలు కోసే అద్దాల షెడ్డులో పురుగుమందు కొట్టి ఎనిమిది రోజులైంది, ఇక లోపలికి వెళ్లండి అన్నాడు మేస్త్రీ. బయట చేలో అయితే ఆ లెక్క సరే, ఎండ తగిలి విషం విరుగుతుంది. ఈ షెడ్డుకేమో వేడి ఆపాలని అద్దాలన్నిటికీ సున్నం కొట్టారు.

"వెలుతురే దూరని చోట మందెలా పోతుందిరా?" అన్నాను.

"ఏం అవ్వా, కాలేజీలో చదివొచ్చావా?" అని నవ్వాడు.

"ఎండలో ఆరేసిన చీర వెలుస్తుంది, పెట్టెలో చీర వెలవదు. ఇది తెలియడానికి కాలేజీ ఎందుకురా?" అన్నాను.

లోపలికి వెళ్లాక నా కళ్లు మండాయి. ఈ పిల్ల బయటి చేలోవీ షెడ్డులోవీ ఆకులు పరీక్ష చేసింది. బయటి ఆకుల మీద మందు దాదాపు పోయింది, లోపలివాటి మీద సగానికి పైగా ఉంది. షెడ్డుకు తాళం పడింది. మందు ఎండకు విరిగి ముక్కలైనా, ఆ ముక్కల్లోనూ కొన్ని విషపువి ఉంటాయట. అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు.

మేక ఈనిందా? నువ్వు మందు కొట్టేటప్పుడు వేసుకునే చొక్కా ఇంకా తలుపు వెనక మేకుకే ఉందా? ఆ మూలకు ఎండ రాదు. కోడలి చేత ఉతికించకు, నువ్వే విడిగా ఉతికి బయట ఆరేసుకో. రేపు బిడ్డ పాకేది ఆ తలుపు దగ్గరే.

మీ ముగ్గురికీ అమ్మ దీవెన.