కింద గుండీలున్న షర్ట్

ఫిబ్రవరి 5, సోమవారం. పొద్దుగాల 5

సిరిసిల్లల సాంచాలు బందయి నెలయింది. బట్ట నేసుడు లేదు, కూలి లేదు. నా మొగడు సత్తయ్య పని ఎతుక్కుంట మహారాష్ట్రల భీవండి పోయిండు. ఇంటికి తాళమేసి నన్ను గూడ రమ్మంటున్నడు. మొగడు పిలిస్తే పోవాలె వదినా అని మా ఆడిబిడ్డ బాలవ్వ. నీ అన్ననే గదా, నువ్వు పో అన్న. మూతి ముడిచింది.

నేను పోను. పెండ్లయిన కొత్తల పోయినం, ఒక్క అర్రల తొమ్మిది మందిమి పండుకున్నం. మళ్ల గా బతుకొద్దు. జగిత్యాల బట్టల షోరూంల సేల్స్ పని దొరికింది. మా మల్యాల నుంచి బస్సే బస్సు. పది రోజులు ట్రయల్. నిలబడకపోతే అని సత్తయ్య అడిగిండు. భీవండి వస్త అన్న. మాటంటే మాట.

ఫిబ్రవరి 6

యూనిఫాం నల్ల ప్యాంట్, తెల్ల షర్ట్, టక్. నలభై ఆరేండ్లకు మొదటిసారి ప్యాంట్ తొడిగిన. కుక్కలు మొరగలే, బాలవ్వ మొరిగింది.

చీరల కట్టలు పై అరల ఉంటయి. చెయ్యి లేపితే షర్ట్ బయటికి. మేనేజర్ సతీశ్ సారుకు ముప్ఫయేండ్లుంటయి, పొట్టకు యాభై. మూడుసార్లు టక్ ఊడితే ఇంటికే అన్నడు. గోడకు పేర్ల కాయితం, ఊడినప్పుడల్ల గీత. నాకొక గీత.

ఫిబ్రవరి 7. రాత్రి

డ్యూటీ దిగి కోరుట్ల పోయిన. నర్మదమ్మ లేడీస్ షాపు. వాళ్ల తాత దొర, ఆయన ముందట చెప్పులిడిచి నిలబడేటోళ్లం, ఈమె నాకు లంగాలు చూపిస్తది. టక్ ఊడని షర్ట్ అడిగితే ఫోన్ మాట్లాడుకుంటనే ఒకటిచ్చింది. బాడీసూట్ అట.

ఇంట్ల ఇప్పి చూస్తే షర్ట్‌కు చడ్డి కుట్టి ఉన్నది. కుట్టినోడు తాగి కుట్టినట్టుంది. కత్తెరతోని చడ్డి కోసేసిన.

ఫిబ్రవరి 8

కోసినంక షర్ట్ బొడ్డు దాక గూడ లేదు. రెండో గీత.

ఫిబ్రవరి 9

కోసిన ముక్క నర్మదమ్మ ముందట పెట్టిన. నవ్వి నవ్వి కుర్చీల కూలబడ్డది. పసిపిల్లల బట్టలకు కాళ్ల నడుమ గుండీలుంటయి సూడు, గిది గూడ గంతే, గదే షర్ట్‌ను కిందికి గుంజి పట్టుకుంటది అన్నది. గా ముచ్చట మొన్ననే చెప్పచ్చు గదమ్మా అన్న.

ఈసారి నేనే ఏరుకున్న. మీడియం ఏసుకొని చెయ్యి లేపిన, కింద కోసుకపోయింది. లార్జ్ భుజాల కాడ జారింది గాని పొడుగు కుదిరింది. పల్చటిదొద్దన్న, లోపలిదంత కనవడ్తది. సాగే కాటన్, గట్టి కాలర్. ట్రయల్ రూంల పది గుంజీలు తీసిన. బయటున్నామె లోపల ఎవరన్న కొట్లాడుతున్నరా అని అడిగింది.

ఫిబ్రవరి 10

బాత్రూం కష్టం. మూడు గుండీలు కంటికి కనవడయి, వేళ్లతోని ఎతకాలె. ఇరవై ఏండ్లు బీడీలు చుట్టిన వేళ్లు, నేర్చుకుంటయి. టక్ కదల్లే.

ఫిబ్రవరి 13

తప్పు చేసిన. సతీశ్ సారు నాలుగు రోజుల నుంచి మూడో గీత కోసం కాసుకొని కూసున్నడు. ఇయ్యాల పెండ్లోళ్లు ఇరవై మంది అచ్చిండ్రు. సార్, పై అరల మెరూన్ కట్ట అందుతలేదు అన్న. నిజానికి అందుతది. సారే నిచ్చెనెక్కి చేతులు లేపిండు. షర్టంత బయటికి, పొట్టంత పెండ్లోళ్ల ముందట. గీత ఎవరి పేరు మీద పెట్టాలె సార్ అన్న. అందరు నవ్విండ్రు.

రేపు ఓనర్ దగ్గరికి రమ్మన్నడు. బస్సుల నాకు నవ్వు రాలే. నా నోటి దూలకు భీవండి పోవుడే అయితదేమో.

ఫిబ్రవరి 14

ఓనర్ ప్రభాకర్ రావు సారు కెమెరాల చూసిండట. పై కట్ట తియ్యమన్నడు. ఆరు తీసిన. టక్ కదల్లే. ఎట్ల అని అడిగిండు. ఆడోళ్ల సంగతి సార్, కోరుట్ల నర్మదమ్మనడుగుండ్రి అన్న. పరాచికాలు ఇంటికాడ పెట్టి రా అని తిట్టిండు. రేపటి నుంచి పర్మినెంట్ అన్నడు.

ఫిబ్రవరి 15

సత్తయ్యకు యూనిఫాంల ఉన్న నా ఫోటో పంపిన. ఎవలామె అని అడిగిండు.

నీ ఇంట్ల దిగింది, భీవండి రాదట అని పెట్టిన.

గంటకు మళ్ల అడిగిండు, నేనస్తే గామె ఉండనిస్తదా అని.

సోంచాయించి చెప్త అన్న.