బోటుకి వేసిన పిస్టన్లు

గిలకలదిండి, 9-7-78

ఆబిదక్కకి నీ తమ్ముడు నబీ సలాం. నా ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు.

బావ నడిపే బోటుకి ఇంజను తయారైందనీ, వచ్చి ఎక్కమనీ ఓనరు వెంకటాద్రి గారు మీకు కబురు పెడతారు. బావని పంపించకు. ఆ ఇంజను విప్పి కట్టింది నేనే కాబట్టి చెప్తున్నాను. పాత పిస్టన్లు అరిగిపోయాయి, కంపెనీవి వేద్దామంటే ఆయన డూప్లికేటువి తెచ్చారు. చేపలు తూచే కాటాలో వేసి చూపించాను, ఏ రెండూ ఒక్క బరువు లేవు. సముద్రం మధ్యలో ఇంజను పట్టేస్తుందండీ అన్నాను. "లోపలున్నది కంపెనీదో డూప్లికేటో చేపలకేం తెలుస్తుందిరా" అని నవ్వారు. చెప్పింది చేసేవాణ్ణి గదా, నా చేత్తోనే బిగించాను.

నిన్న ఆయన ట్రాక్టరు కూడా అదే పనికి మా షెడ్డుకి వచ్చింది. దానికి మాత్రం స్వయంగా బెజవాడ వెళ్లి కంపెనీ పిస్టన్లు తెచ్చారు. ఇదేంటండీ అంటే, "దమ్ము మధ్యలో ఆగిపోతే ఎట్లా నబీ" అన్నారు. దమ్ములో ఆగితే మోకాలి లోతు బురదేగా, దిగి ఇంటికి నడిచి రావచ్చు. ఈ కార్డు పోస్టుమాను చదివితే చదవనీ, నలుగురికీ తెలుస్తుంది.

అమ్మ కంట్లో మందు వేస్తున్నారా? ఇటు ఎవరైనా వస్తుంటే నా దుప్పటి ఇచ్చి పంపు. పిల్లలకి దువా.

బావ ఒకరి మాట వినే మనిషి కాదు. వచ్చే తీరతానంటే, ఉప్పెనలో పడవ పోగా మిగిలిన తెడ్లు మీ చూరులో ఉన్నాయిగా, అవి వెంట తెచ్చుకోమను.