బాపు చేతిలో నీ జాయ్‌స్టిక్

అన్నా,

నిన్న నీ సంవత్సరీకం. చుట్టాలంతా వెళ్లిపోయాక బాపు టీవీ ముందు కూర్చుని, నీ జాయ్‌స్టిక్ అందుకుని, "ఆ కార్ల ఆట పెట్టు బిడ్డా" అన్నాడు. నువ్వు పోయినప్పటి నుంచి ఆయన నాతో సరిగా మాట్లాడిందే లేదు.

కానీ ఆట మొదలయ్యాక నాకు ఒళ్లు మండిపోయింది. ఛత్రినాక సందుల్లో ఇన్నేళ్లు ఆటో నడిపిన మనిషి, మలుపు మలుపుకీ కారును గోడకు గుద్దుతాడు. పైగా నా కారుకు అడ్డం పడతాడు.

"ఎన్నిసార్లు చెప్పాలె బాపూ? అది బ్రేక్ గాదు" అని అరిచాను.

ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"మీ అన్నతోని ఆడేటప్పుడు గూడ గిట్లనే లొల్లి జేస్తుంటివి. గల్లీ దాక ఇనొస్తుండె. ఏడాదాయె, ఇంట్ల లొల్లే లేదు. మళ్ల పెట్టు."

పెట్టాను. మళ్లీ గోడకే గుద్దాడు. గొంతు పోయేదాకా తిట్టాను.