మల్లిక పిలుపు

సువర్ణా,

నువ్వు పోయి ఇవాళ్టికి నెల. పొద్దున ప్రార్థన చేసుకుని, తొండుపల్లిలో నువ్వు చదువు చెప్పిన బడికి వెళ్లాను. కేంద్ర విద్యామంత్రి పక్కనే ఉన్న విమానాశ్రయంలో దిగి నేరుగా అక్కడికే వచ్చారు. నువ్వుంటే పిల్లలందరి తలలు దువ్వి నిలబెట్టేదానివి.

నువ్వు పెట్టిన పిల్లల మంత్రివర్గం ఇంకా నడుస్తోంది. అందులో విద్యామంత్రి ఐదో తరగతి మల్లిక అని చెబితే కేంద్రమంత్రి నవ్వి, "నువ్వేం పని చేస్తావు?" అని హిందీలో అడిగారు. హెడ్మాస్టరు ఆ ప్రశ్నను మల్లికకు తెలుగులో చెప్పారు.

"బడికి రానోళ్ల ఇంటికి పోయి తోల్కొస్త సార్. మరి మీరేం జేస్తరు?"

అందరూ నవ్వారు. "నాకంటే నీకే పని ఎక్కువ" అన్నారాయన.

కార్లు వెళ్లిపోయాక మల్లిక నా కొంగు పట్టుకుంది. "పెద్దమ్మా, టీచర్ గిన్ని దినాల సంది వస్తలేదు గదా. నేను మీ ఇంటికి రాలే. చావైన ఇంటికి పోవద్దని మా అమ్మ అన్నది. టీచర్ కోపం జేస్తదా?"

చెయ్యదని చెప్పాను. ఆ పిల్ల నమ్మలేదు. ముఖం చిన్నబుచ్చుకుని అట్లాగే నిలబడింది.

"అయితే ఒకసారి వచ్చి పో బిడ్డా" అన్నాను.

సాయంత్రం వచ్చింది. గడప దాటలేదు. మిద్దె మీదుగా పోయే విమానం చప్పుడు తగ్గేదాకా ఆగి, నీ గది వైపు చూసి పిలిచింది.

"టీచర్, బడికి రావాలె."

ఆ తర్వాత ఏం చెయ్యాలో దానికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఇద్దరం కాసేపు అక్కడే ఎదురుచూశాం.

నీ పెద్దక్క