అడ్డచుట్ట

నవంబర్ 3, 1996. ఆదివారం

ఈ డైరీ తెలుగులో రాస్తాను. ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. కాలేజీలో ఎవరికీ తెలుగు రాదు. కలకత్తాలో, మా మెటియాబ్రుజ్‌లో ఇంతకంటే గట్టి తాళం దొరకదు.

రెండేళ్ల కింద అమ్మ అంగిట్లో లేచిన పుండు కాన్సర్ అన్నారు. కరెంట్ పెట్టించాం, అదే రేడియేషన్. పుండు మానింది. ఇప్పుడు ఆ కరెంట్ వల్లే ఎముక చచ్చిపోయిందట. కుడివైపు పై దవడలోంచి ఒక ముక్క పసుపుపచ్చగా పొడుచుకొచ్చింది. దగ్గరికెళ్తే వాసన. ఆపరేషన్ చేసి అంగిట్లో కుడి సగం, ఆ వైపు పళ్లు తీసేస్తారు. నోటికీ ముక్కుకీ మధ్య కంత మిగులుతుంది. గాయం మానాక కొలతలు తీసి దానికి ప్లేట్ చేస్తారు. కట్టుడుపళ్లలాంటిదే, పైన మూత ఉంటుంది. డాక్టర్ బెంగాలీలో చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. అమ్మ ఒక్కటే అడిగింది, మాటొస్తాదేటి అని. ప్లేట్ పెట్టాక వస్తుందన్నాడు.

ఒక షరతు పెట్టాడు. పొగ ముట్టుకోకూడదు. పొగ తాగితే గాయం మానదు, గాయం మానకపోతే ప్లేట్ లేదు, ప్లేట్ లేకపోతే మాట లేదు. ఎప్పుడో మానీసినాను కదా అని అమ్మ నా వైపు చూసి అంది. డాక్టర్ వైపు కాదు. నా వైపు.

నాకు నమ్మకం లేదు.

నవంబర్ 5

పొగ అంటే డాక్టర్ సిగరెట్ అనుకుంటున్నాడు. అమ్మది అడ్డచుట్ట. మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు చుట్టని తిప్పి పెట్టుకుంటారు. వెలిగించిన కొస నోటి లోపలికి, పెదాలు మూసేసి. చేపలు కడుగుతూ తాగొచ్చు, పిల్లకి పాలిస్తూ తాగొచ్చు. గాలికి ఆరదు, బూడిద రాలదు. తెలియనివాళ్లకి తాగుతున్నట్టే కనపడదు. మగవాళ్లు అలా తాగరు. అది ఆడపొగ.

చిన్నప్పుడు అమ్మ నోట్లో నిప్పు ఉందో లేదో తెలుసుకోవాలంటే ఏదైనా అడిగేదాన్ని. జవాబు రాకపోతే ఉన్నట్టు. రెండేళ్లుగా అమ్మ ఊరకే కూర్చుంటే చాలు, ఏదో ఒకటి అడుగుతున్నాను. బియ్యం ఉన్నాయా, టైమెంతయింది, ఆకాశం ఏ రంగు. ఈ గుంటకి పిచ్చెక్కింది అంటుంది. అంటే చాలు నాకు.

నవంబర్ 8

పక్కింటి సన్యాసమ్మ పిన్నమ్మ ఈ మధ్య రోజూ వస్తోంది. ఆవిడ ఇప్పటికీ అడ్డచుట్టే. ఇచ్ఛాపురం నుంచి వచ్చే మనిషి దగ్గర కట్టలు కొంటుంది. ఇదివరకు అమ్మకి కట్టలు అయ్య కొనేవాడు. అయ్య మాత్రం బీడీ కూడా ముట్టడు.

నేను రాగానే ఇద్దరూ మాటలు ఆపేశారు.

నవంబర్ 12

ఆపరేషన్. పొద్దున్న తీసుకెళ్లారు. అయ్య ఓడల డాక్‌లో పనికి సెలవు పెట్టి వచ్చి బెంచీ అంచున కూర్చున్నాడు. ఎవరో లేవమంటారేమో అన్నట్టు. టీ తెస్తే పట్టుకుని చల్లార్చాడు, తాగలేదు.

మధ్యాహ్నం డాక్టర్ వచ్చి స్టీల్ ట్రేలో చూపించాడు. మూడు పళ్లున్న ఎముక. పళ్ల వెనక నల్లటి గార. అది చుట్ట గార. నేను చూస్తూనే పెరిగాను, అమ్మ నవ్వినప్పుడల్లా. మొత్తం వచ్చేసిందా అని అడిగాను. వచ్చింది అనే ముందు డాక్టర్ సిస్టర్ వైపు చూశాడు. ఎందుకు చూశాడు?

అయ్య ట్రే వైపు వంగి చూశాడు. అది మన మనిషిదేనా అని నన్నడిగాడు.

నవంబర్ 13

అమ్మ కళ్లు తెరిచింది. వెంటనే నా మొహం చూసింది, ఏం దాస్తున్నానో అని.

నవంబర్ 22

నోట్లో గాజుగుడ్డ కూరి ఉంచారు. ఈరోజు మార్చారు. నన్ను టార్చ్ పట్టుకోమన్నారు. ఇంటికెళ్లాక రోజూ ఇలాగే చూడాలట. తెల్లమచ్చ గానీ, మానకుండా రక్తమొచ్చే చోటు గానీ కనపడితే వెంటనే తీసుకురమ్మన్నాడు డాక్టర్.

లోపల గుహలా ఉంది.

గుడ్డ తీసినప్పుడు అమ్మ మాట్లాడింది. అమ్మ గొంతు కాదు. గాలంతా ముక్కులోంచి పోతోంది. మ, న ఉన్న మాటలు పలుకుతోంది. మిగిలినవన్నీ వాటిలోనే కలిసిపోతున్నాయి. నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చాయి. పక్క మంచం ఆవిడ నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

డిసెంబర్ 1. ఆదివారం

ఇంటికొచ్చాం. మా ఇళ్ల లైన్‌లో అందరూ వచ్చి చూశారు. అమ్మ కొంగు ముక్కు దాకా లాక్కుని కూర్చుంది.

అమ్మకి గంజి, మెత్తగా చేసిన పప్పు. అయ్య కూడా గంజే తాగుతానన్నాడు. మిరపకాయ వద్దు, చేపల పులుసు వద్దు. అది తిననిది నాకెందుకే అన్నాడు. పాతికేళ్ల కాపురంలో అయ్య అమ్మ కోసం ఇలాంటిది చేయడం నేను చూడలేదు. నా కళ్లు చెమర్చాయి. వయసు మీదపడి మనిషి మెత్తబడ్డాడు అని సన్యాసమ్మ పిన్నమ్మ వేళాకోళం చేసింది. అయ్య తిరిగి ఏమీ అనలేదు. మామూలుగా ఆవిడ మాటకి రెండు మాటలు అంటాడు.

డిసెంబర్ 4

పెరట్లో నీళ్ల డ్రమ్ము వెనక చుట్ట పీక దొరికింది.

మామూలు చుట్ట అయితే కాలని కొస తడిగా ఉంటుంది. దీనికి కాలిన కొస తడిగా ఉంది.

అమ్మ ముందు పెట్టాను. ఏమిటిది అన్నాను. చూసింది. నా వైపు కాదు, గుమ్మం వైపు చూసింది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. ఎంత అరిచానో నాకే తెలీదు. నీ నోట్లో ఎముక ట్రేలో చూశాను, ఇంకో ట్రే కూడా చూడాలా అన్నాను. కాదని ఒక్కసారి తల ఊపినా నమ్మేదాన్నేమో. ఊపలేదు.

డిసెంబర్ 5

సన్యాసమ్మ పిన్నమ్మని అడిగాను, అమ్మకి చుట్టలిస్తున్నావా అని. ఓలమ్మో, సదువుకున్న పోలీసొచ్చింది, నా రొంటి ఎతుక్కో అని కొంగు దులిపి చూపించింది. మీ అమ్మకి గంజి ముక్కులోంచి ఎల్పోతంది, పొగేటి నిలుస్తాదే గుంటా అంది. అబద్ధాలాడేవాళ్లు ఎప్పుడూ ఎదుటివాళ్లనే ప్రశ్నలడుగుతారు.

డిసెంబర్ 9

చెకప్. డాక్టర్‌కి చెప్పేశాను. బెంగాలీలో చెప్పాను. అమ్మకి ఆ మాత్రం బెంగాలీ తెలుసు. ఈ సంగతి మరిచిపోయాను. లేదు, మరిచిపోలేదు.

డాక్టర్ కాగితం పక్కన పెట్టేశాడు. ఈరోజు కొలతలు తీయాల్సింది, తీయనన్నాడు. పొగ తాగే నోట్లో ప్లేట్ పెడితే కింద పుండవుతుంది, మళ్లీ కోయాలి. సంక్రాంతి దాటాక చూద్దాం, అప్పటికైనా మానితే, అన్నాడు. మంచిపని చేశావు దిదిమొణీ, నీలాంటి కూతురుండాలి అని మెచ్చుకున్నాడు కూడా.

మంచిపనే. మాట పోయినా ప్రాణం ఉంటుంది. మినీబస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఖిదిర్‌పూర్ వంతెన దగ్గర ఏదో అంది. ఇంజిన్ మోతలో నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను. చెప్పలేదు.

డిసెంబర్ 11

టార్చ్ తీసుకెళ్తే అమ్మ నోరు తెరవలేదు.

డిసెంబర్ 12

ఈరోజూ తెరవలేదు. అయ్య చూసి చూడనట్టు బయటికి వెళ్లిపోయాడు.

డిసెంబర్ 18

డ్రెస్సింగ్‌కి తీసుకెళ్లాను. వచ్చేటప్పుడు ఎండగా ఉంటే కొబ్బరిబొండాం కొన్నాను. బొండాలవాడు స్ట్రా వేసి ఇచ్చాడు. అమ్మ పెదాలు బిగించి లాగింది. బుగ్గలు లోపలికి పోలేదు. స్ట్రాలో నీళ్లు ఒక్క వేలెత్తు కూడా లేవలేదు. ముక్కులోంచి గాలి సుయ్యిమంది. మళ్లీ లాగింది. ఏమీ రాలేదు. స్ట్రా తీసి నా చేతికిచ్చి, చెమ్చా కావాలని సైగ చేసింది.

నడిరోడ్డు మీద నిలబడిపోయాను.

కంత ఉన్న నోరు దేన్నీ లాగలేదు. నీళ్లు లాగలేని నోరు పొగెలా లాగుతుంది? సన్యాసమ్మ పిన్నమ్మ చెప్పింది అదే. నేను వినలేదు.

అమ్మా, నువ్వు కాదా అన్నాను. అమ్మ చెమ్చాతో బొండాం నీళ్లు తాగుతూనే ఉంది.

డిసెంబర్ 19

మరి ఎవరు?

సన్యాసమ్మ పిన్నమ్మ తన పీకలు గంగలో పారేస్తుంది, మా పెరట్లో కాదు. లైన్‌లో ఇంకా ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు తాగుతారు, మా డ్రమ్ము దాకా రారు. ఈరోజు ఇంకో పీక దొరికింది. కాలిన కొస తడి.

అమ్మకి తెలుసు. ఆ రోజు గుమ్మం వైపు ఎందుకు చూసింది?

డిసెంబర్ 21. శనివారం

సాయంత్రం లోడ్‌షెడ్డింగ్. చుట్టుపక్కల దర్జీల కుట్టుమిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. ఎప్పుడూ వినపడని ఓడ కూత వినపడింది. అయ్యకి టీ ఇద్దామని పెరట్లోకి వెళ్లాను. డ్రమ్ము పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అయ్యా, టీ అన్నాను. పలకలేదు. అయ్యా అన్నాను మళ్లీ. పలకలేదు.

జవాబు రాకపోతే.

గ్లాసు కింద పెట్టాను. అయ్యా, ఆకాశం ఏ రంగు అని అడిగాను.

చీకట్లో అయ్య నోరు తెరిచాడు. లోపల ఎర్రగా ఉంది.

చుట్ట తీసి నేలకి రాసి ఆర్పాడు. చాలాసేపు దగ్గాడు. తర్వాత చెప్పాడు. కరెంట్ పెట్టించిన కాడ్నుంచి ఇంట్లో ఆ వాసన నేదు తల్లీ అన్నాడు. పక్కన పడుకుంటే పరాయి మనిషిలా ఉందట. దాచిన పాత కట్ట ఒకటి మిగిలింది. ముందు ఊరకే విప్పి వాసన చూసేవాడట. తర్వాత మామూలుగా వెలిగించాడు. ఆ వాసన వేరేగా వచ్చింది. అడ్డంగా పెడితేనే అమ్మ వాసన వస్తుందట. ఎన్నాళ్లయిందని అడిగితే పండగ ముందు నుంచి అన్నాడు, ఏ పండగో చెప్పలేదు. అంగుడు బొబ్బలెక్కింది, మిరపకాయ తగిల్తే సావే అని నవ్వాడు. గంజి అందుకే.

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. వింటోంది.

తర్వాత లోపల కూర్చుని అమ్మ చెప్పింది. ముక్కులోంచి వచ్చిన ఒక్కో మాటా నేను పైకి అంటే, ఔనని తల ఊపింది. మగోడు ఆడపొగ తాగినాడని తెలిస్తే లైన్ లైనంతా చీర కట్టమంటారు. డాక్ మీద తలెత్తుకోలేడు. నా పేరు ఎలాగూ పాడైందే, నా మీదే ఉండనీ అనుకున్నానంది. అంతే చెప్పింది.

మరి నీ మాట? ప్లేట్ ఆగిపోయిందిగా అన్నాను.

చెయ్యి ఊపింది, ఈగని తోలినట్టు.

డిసెంబర్ 23

డాక్టర్ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. అమ్మ తాగలేదు, నేను తప్పుగా చెప్పాను అన్నాను. ఎలా తెలిసిందన్నాడు. స్ట్రా సంగతి చెప్పాను. పెన్ను కింద పెట్టాడు. నాకే తట్టాల్సింది అన్నాడు. మరి ఆ పీకలెవరివి అని అడిగాడు. పక్కింటివాళ్లవి అన్నాను. అనుమానంగా చూశాడు. నేనూ ఇన్నాళ్లు అమ్మని అలాగే చూశాను కదా.

రేపే తీసుకురమ్మన్నాడు.

డిసెంబర్ 24

కొలతలు తీశారు. గులాబీ రంగు మైనం. అమ్మ గట్టిగా నా చెయ్యి పట్టుకుంది.

జనవరి 8, 1997

ప్లేట్ పెట్టారు. అమ్మ అద్దం చూడలేదు. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమంటే సిగ్గుపడి పెట్టలేదు. బస్సులో కూడా నోరు విప్పలేదు. నాలిక ప్లేట్ మీద ఆడిస్తూ కూర్చుంది. ప్లేట్ సరిగ్గా కుదరలేదేమో, దాస్తున్నారేమో అని దారంతా చూస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చాక అయ్య డాక్ నుంచి వచ్చేదాకా ఆగింది. అయ్య కాళ్లు కడుక్కుని లోపలికి రాగానే అంది. కట్ట పట్రా.

ప ప లాగే ఉంది. ట ట లాగే ఉంది. పాత గొంతు.

అయ్య బియ్యం డబ్బా వెనక నుంచి కట్ట తెచ్చాడు. అమ్మ తీసుకుని పొయ్యిలో పెట్టింది. గదంతా పొగ కమ్మింది. ముగ్గురం దగ్గాం. అయ్య కళ్లు మూసుకుని ఒకసారి గట్టిగా పీల్చాడు. సాల్లే ముసిలోడా, ఎదురుగా నానున్నాను కదేటి అంది అమ్మ.

ఆ రాత్రి అయ్య పులుసు కావాలన్నాడు. నోట్లో పెట్టుకోగానే మొహం చిట్లించాడు. అమ్మ చూసింది. నేను అమ్మని చూశాను.

జనవరి 12. ఆదివారం

పొద్దున్న టార్చ్ అమ్మ పట్టుకుంది. తెరు అంది. అయ్య నోరు తెరిచాడు.

చూశాను.

ఇద్దరూ నా మొహం వైపే చూస్తున్నారు. తెల్లమచ్చ సంగతి మొహంలో కనపడనివ్వలేదు. రేపు ఫస్ట్ బస్సుకి డాక్టర్ దగ్గరికి వెళ్దాం, ఊరకే, అన్నాను.